చిప్పలు, చీమలు, వరి కుచ్చు: మా పెరటి పిచ్చుకల లెక్క

నవంబరు చివరి వారం: పిచ్చుకలకు గింజలు పెట్టాలన్న మొదటి ప్రయత్నం చీమలపాలు. జొన్నలు, సజ్జలు, నూకలు సమానంగా కలిపి, ముదురు బెల్లంపాకం పోసి కొబ్బరిచిప్పల్లో అదిమాను. జామకొమ్మకు కడితే సాయంత్రానికల్లా పురికొస పొడవునా చీమల బారు. తెల్లారేసరికి మంచుకి పాకం జిగటజిగటగా కారింది. పిట్ట ఒక్కటీ వాలలేదు.

డిసెంబరు 4: బెల్లం మానేశాను. రెండు పెద్ద చెంచాల రాగిపిండిని అర గ్లాసు నీళ్లలో ఉప్పు వేయకుండా చిక్కగా ఉడికించి, చల్లారాక గ్లాసు గింజలు కలిపాను. ఆశకొద్దీ చిప్ప నిండా కూరడం నా తప్పు. పైన ఎండింది, మూడో రోజుకి లోపల బూజు. బూజు గింజ పిట్టలకు మంచిది కాదు, గొయ్యి తీసి పూడ్చేశాను. ఇప్పుడు అర అంగుళం మందానికి మించి పెట్టట్లేదు. రెండు రోజులు నిండు ఎండలో పెట్టి, గోటితో కొడితే టకటకమనాలి. అప్పుడే వేలాడదీస్తున్నా.

ముందుగా వచ్చింది ఉడుత. చిప్పలో బోర్లా పడుకుని మరీ తింది! పిచ్చుకలు తర్వాత వచ్చాయి. మావాటికి సజ్జలు, నూకలు ఇష్టం, జొన్నలు విసిరి కొడతాయి. కింద పడ్డవి గువ్వలు ఏరుకుంటాయి కాబట్టి నష్టమేం లేదు గానీ, జొన్నలు సగానికి తగ్గించాను. పిగిలిపిట్టలు గింజ ముట్టవు. వాటికి మగ్గిన బొప్పాయి ముక్క మేకుకి గుచ్చితే చాలు.

డిసెంబరు 19: అసలు పని ఇవాళ. మా డెల్టాలో గుళ్లలో, పాత పెంకుటిళ్ల చూరులకు పిచ్చుకల కోసం కట్టే వరి కుచ్చు ఒకటి నేనూ అల్లాలని. బాబాయ్‌కి ఫోన్ చేస్తే, "మిషను కోతలో నీకు కంకి ఎక్కడ దొరుకుతుందిరా, గట్టు పక్కన కొడవలితో కోసి ఉంచుతాలే" అన్నాడు. మందు కొట్టని మడి చూసి మరీ కోశాడు. కాడ అడుగున్నర ఉండాలి. ఎండిన కాడ వంచితే విరుగుతుంది, అందుకని గంటసేపు తడిగుడ్డలో చుట్టిపెట్టాను. మూడు పాయలు తీసుకుని జడ అల్లినట్టే, ప్రతి మెలికకీ ఒక కొత్త కంకి కలుపుకుంటూ పోవాలి. కంకులన్నీ కిందికే వేలాడాలి. మూడు గంటలు పట్టింది, ఒకపక్కకి ఒరిగిపోయింది. అమ్మ చూసి "పెళ్లికూతురి జడ కాదుగా, పర్లేదు" అంది.

పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో చూరుకి కట్టాను. పిచ్చుకలు రెండు రోజులు అనుమానంగా చుట్టూ తిరిగాయి. మూడో రోజు ఒక జంట కంకి పట్టుకుని ఊగుతూ తింది. నా చిప్పల సైన్సంతా ఆ కుచ్చు ముందు దిగదుడుపే! వారానికల్లా అరుగు నిండా ఊక. చీపురు నాకు అప్పగించారు.

పక్కనే మట్టి మూకుడులో రెండు అంగుళాల నీళ్లు, మధ్యలో ఒక రాయి. రోజూ రుద్ది కడిగి మారుస్తున్నా. చిక్కుడుపాదుకి పేనుబంక పట్టినా ఈసారి మందు కొట్టలేదు, పిచ్చుక పిల్లలకు కావాల్సింది పురుగులే కదా.

జనవరి 6: కుచ్చు సగం ఖాళీ. మరో రెండింటికి సరిపడా కంకులు అటక మీద దాచాను. ఎలుక కనిపెట్టేసింది. మిగిలినవి గుడ్డసంచిలో వేసి దండేనికి కట్టాను.