లాయరమ్మ అడిగిన మొదటి ప్రశ్న

"విడిగా ఉండబట్టి ఏడాది దాటిందా?"

విడాకుల కోసం వెళ్లిన అక్కని లాయరమ్మ అడిగిన మొదటి మాట ఇదే. తప్పెవరిదని అడగనేలేదు.

ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం 13-బి కింద పిటిషన్. ఆపైన ఆరు నెలలు ఆగాల్సిన గడువు. 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, సరైన కారణముంటే జడ్జిగారు ఆ గడువు తీసేయొచ్చట. బావ ఒప్పుకోకపోతే మాత్రం కారణాలు నిరూపించాలి, అది తొందరగా తేలే పని కాదు.

అక్క నగల దగ్గరే ఆగిపోయింది. "అవి స్త్రీధనం, మీవే. బిల్లులు, పెళ్లి ఫోటోలు తీసిపెట్టుకోండి" అందావిడ. ఆల్బమ్ అటక మీదుంది. పారేయమని అమ్మ ఒకటే గోల, ఇప్పుడదే సాక్ష్యం!

మీడియేషన్, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం, అనగానే పెద్దమనుషుల పంచాయితీ గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. ఇక్కడెవరూ సర్దుకుపొమ్మని బలవంతపెట్టరు అంది లాయరమ్మ. చూడాలి.