న్యూటన్ కాలపు సాహసగాథల్లో మన కొల్లూరు

లండన్‌లో పుట్టి పెరుగుతున్న మా అమ్మాయికి చారిత్రక సాహస నవలలంటే ప్రాణం. అందులోనూ 1660లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం పుట్టిన నాటి నుంచి 1720లో సౌత్ సీ కంపెనీ అనే వర్తక సంస్థ షేర్లు కుప్పకూలిన నాటి వరకు సాగే కథలైతే తిండి ధ్యాస కూడా ఉండదు. నిజానికి ఆ కాలమే అటువంటిది. గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని లోకానికిచ్చిన న్యూటన్ 1696లో టంకశాల అధికారిగా చేరి, దొంగనాణేల ముఠాల ఆచూకీ తీసి, సాక్షులను స్వయంగా విచారించి, విలియం చాలనర్ అనే ఘరానా మోసగాణ్ణి 1699లో ఉరికంబం ఎక్కించాడు. ఆ టంకశాల నడిచిన లండన్ టవర్‌కు తీసుకువెళ్లినప్పుడు, పాత వెండి నాణేల అంచులు కత్తిరించి వెండి కాజేసేవారనీ, దాన్ని అరికట్టడానికే కొత్త నాణేల అంచున గీతలో అక్షరాలో వేసేవారనీ చెప్పాను. వెంటనే తను పది పెన్నీల నాణెం తీసి, దాని అంచు మీద గోటితో గీసి, ఆ గరగర శబ్దాన్ని నాకూ వినిపించింది.

అయితే ఇవి ఇంగ్లండు కథలు మాత్రమేనని మా పిల్ల అనుకోవడం నాకు ఇష్టం లేదు. ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లోనే మచిలీపట్నం చేరింది. మన తీరపు అద్దకం బట్టల మీద లాభాలు గడించిన ఆ కంపెనీ షేర్లే లండన్ కాఫీ హోటళ్లలో చేతులు మారాయి. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్న, 400 క్యారట్లు దాటిన ముడి వజ్రం కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదేనని చెబుతారు. సానపట్టాక 140 క్యారట్లకు తగ్గిన ఆ రాయిని 1717లో, బాలరాజు తరఫున ఫ్రాన్సును పాలిస్తున్న రాజప్రతినిధి 1,35,000 పౌండ్లకు కొన్నాడు. కొనమని ఆయనను ఒప్పించినవారిలో, తరువాత కాగితపు డబ్బుతో ఫ్రాన్సును అతలాకుతలం చేసిన జాన్ లా కూడా ఉన్నాడు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణకు చెందినది.

ఇదంతా విన్నాక మా అమ్మాయి, "అమ్మా, మరి తవ్వినవాళ్లకు ఎంత ఇచ్చారు?" అని అడిగింది. కొల్లూరులో ఆడవాళ్లు, పిల్లలు సహా అరవై వేల మంది పనిచేసేవారని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. వారి చేతికి వచ్చింది అత్యల్పం. పెద్ద రాళ్ల మీద హక్కు గోల్కొండ సుల్తానుది.

ఇక్కడి మనవాళ్లలో కొందరు, శాస్త్రమూ సంపదా అన్నీ మన దగ్గర నుంచి దోచినవేనని పిల్లలకు నూరిపోస్తారు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. న్యూటన్ గణితం ఆయన శ్రమ ఫలితం, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కొల్లూరు కూలీల కష్టాన్ని మరుగుపరచనూ కూడదు.

మా అమ్మాయి ఇప్పుడు కొల్లూరు గనిలో మట్టి మోసే పిల్ల నాయికగా ఒక కథ రాస్తోంది. ఆ పిల్ల వజ్రంతో మద్రాసుకు కాలినడకన బయలుదేరిందట. దారిలో ఏయే నదులు దాటాలో గుంటూరులోని తాతయ్యకు ఫోన్ చేసి అడిగితే, ఆయన గుండ్లకమ్మ, పెన్న, స్వర్ణముఖి అని వరుసగా చెప్పి, వానాకాలమైతే పెన్న దగ్గర పడవ కోసం రోజులు ఆగాల్సి వస్తుందనీ, కథలో ఆ ఇబ్బంది పెట్టమనీ సలహా ఇచ్చారు.