రెండో శనివారం, ఎర్ర నూనె

ఈ రోజు రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవాలి, అమ్మకి కళ్ళజోడు ఫ్రేము మార్పించాలి అనుకుంటూ లేచాను. రెండూ అవ్వలేదు. రోజంతా కారు గేర్‌బాక్స్‌లో పోసే నూనె మింగేసింది.

కారు నాన్నది. 2011 హ్యుందాయ్ ఐ10, ఆటోమేటిక్. మోకాలి ఆపరేషన్ తర్వాత ఎడమ కాలితో క్లచ్ తొక్కలేక కొన్నారు. ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నాలుగు గేర్ల పాతకాలపు బాక్స్, టార్క్ కన్వర్టర్‌ది, అంటే ఇంజన్ బలం గేర్‌బాక్స్‌కి నూనె ద్వారా అందుతుంది. మా ఆఫీసులో అందరూ దీన్నీ ఈ మధ్య వస్తున్న ఏఎంటీ బళ్ళనీ ఒకే గాటన కట్టేస్తారు. ఏఎంటీలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మోటారు చూసుకుంటుంది, అంతే. అందులో మామూలు గేర్ ఆయిల్ పోస్తారు. మాది వేరే. దీనికి ఏటీఎఫ్ కావాలి, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కోసం చేసే నూనె.

వారం రోజులుగా పొద్దున్నే బెంజ్ సర్కిల్ వైపు వెళ్తుంటే రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు చిన్న కుదుపు. పెద్దదేం కాదు, వెనక ఎవరో మెల్లగా తట్టినట్టు. నాన్నకి చెబితే ఏమీ అనలేదు, లేచి బీరువాలోంచి కారు పుస్తకం తెచ్చారు. పద్నాలుగేళ్ళ లెక్క అందులో ఉంది. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చిందీ, ఎన్ని కిలోమీటర్లకి, ఎంత బిల్లు అయిందీ, ఏ టైరు ఎప్పుడు ముందుకి వచ్చిందీ అన్నీ. 'గేర్ ఆయిల్' అని హెడ్డింగ్ పెట్టి గీత కొట్టిన పేజీ మాత్రం ఖాళీగా ఉంది.

"డెబ్భై నాలుగు వేలు తిరిగిందే అమ్మడూ, ఒక్కసారి కూడా మార్చలేదా మనం?" అన్నారు. మనం అట.

టిఫిన్ అయ్యాక కారు కాసేపు తిప్పి తెచ్చి, గేటు ముందు సమంగా ఉన్న చోట ఆపాను. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టి, గేర్ లివర్‌ని పి (పార్కింగ్) నుంచి చివరిదాకా ఒక్కో గేరులో ఆపుతూ తీసుకెళ్ళి మళ్ళీ పి కి తెచ్చాను. అప్పుడు నూనె మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తీశాను. ఇంజన్ ఆయిల్ ఆపి చూడాలి, దీన్ని నడుస్తుండగా వేడిగా ఉన్నప్పుడే చూడాలి. లెవెల్ సరిగ్గానే ఉంది. చుక్కని తెల్ల కాగితం మీద అంటించాను. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మాది డికాక్షన్ రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టి చూశాను, మాడు వాసన లేదు. నాన్న కూడా కాగితం తీసుకుని వాసన చూసి "పర్లేదు, ఇంకా చావలేదు" అన్నారు.

పదింటికి ఆటోనగర్ చేరాను. కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో రాసిన ఏటీఎఫ్ రకం ఎస్‌పీ-3. అసలు ఇది మిత్సుబిషి వాళ్ళ నూనె పేరు. హ్యుందాయ్ తొలినాళ్ళలో వాళ్ళ దగ్గర టెక్నాలజీ తీసుకుంది కదా, పేరు కూడా అలా వచ్చింది. మొదటి షాపులో కంపెనీ డబ్బా లేదు, బుధవారం వస్తుందన్నారు. బుధవారానికి నేను హైదరాబాద్ దారిలో ఉండాలి, మంగళవారం సాయంత్రమే పెళ్ళికి బయల్దేరుతున్నాం. దాంతో బదులు ఏది పోయొచ్చు అన్న వెతుకులాట మొదలైంది.

కౌంటర్లో కుర్రాడు ముందు ఎస్‌పీ-4 తీసి పెట్టాడు. "మూడు కంటే నాలుగు లేటెస్ట్ మేడం." వినడానికి బాగానే ఉంది. కానీ నాలుగు వచ్చింది ఆరు గేర్ల బాక్సుల కోసం. ఇంకా పల్చగా ఉంటుంది, మా బాక్సులో పోయకూడదు. టయోటా వాళ్ళ టీ-4, డబ్ల్యూఎస్ కూడా అంతే, ఒకదాని బదులు ఇంకోటి కుదరదు. అదే జనరల్ మోటార్స్ దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. వాళ్ళ డెక్స్‌రాన్-6 ని పాత డెక్స్‌రాన్-3 అడిగే బళ్ళలో పోసుకోవచ్చని వాళ్ళే చెప్పారు. హోండా కూడా పాత జడ్-1 బదులు డీడబ్ల్యూ-1 పోయమంది. అంటే కొత్త నంబరు పాతదానికి పనికొస్తుందా లేదా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో ఆచారం. వంటింట్లో చుట్టరికాలు కలిపినట్టు కలపడానికి లేదు.

తర్వాత డెక్స్‌రాన్-3 డబ్బా వచ్చింది. చవక. "అన్నిటికీ ఇదే పోస్తారు మేడం, చూడండి, రంగు కూడా ఒకటే." రంగు ఒకటే, నిజమే. కింద చుక్కలు పడితే ఇంజన్ ఆయిలా ఇదా తెలియడానికి కలిపే రంగు అది. సీవీటీ, డీసీటీ అని ఇంకో రకం ఆటోమేటిక్ బాక్సులున్నాయి, వాటి నూనెలు పక్కన పెట్టండి, రంగు చూసి ఏదీ చెప్పలేం. ఇంకో సంగతి, డెక్స్‌రాన్-3 కి లైసెన్సులు ఇవ్వడం జనరల్ మోటార్స్ 2006 చివరికే ఆపేసింది. ఇప్పుడు డబ్బా మీద ఆ పేరుందంటే తయారు చేసినవాడి మాట తప్ప వెనక ఎవరి పరీక్షా లేదు. మా మాన్యువల్ అడిగింది అదీ కాదు. వద్దన్నాను. కుర్రాడికి నేను బేరం కోసం సాగదీస్తున్నానని అనుమానం.

అసలు ఈ పట్టింపు ఎందుకంటే, ఆ బాక్సులో క్లచ్ పలకలు నూనెలోనే మునిగి పనిచేస్తాయి. నూనె అనగానే జారడం అనుకుంటాం. ఇక్కడ గేర్ల పళ్ళూ బేరింగులూ జారాలి, పలకలు మాత్రం పట్టుకోవాలి. మరీ గబుక్కున పట్టుకుంటే కుదుపు. పట్టు తక్కువైతే పలకలు జారి మాడతాయి. పడీ పడనట్టు పట్టుకుంటే యాభై, అరవై స్పీడులో గతుకుల మీద పోతున్నట్టు బండి సన్నగా వణుకుతుంది. ఆ పట్టు ఎలా ఉండాలో నూనెలో కలిపే మందులు తేలుస్తాయి. ఈ పని కోసం పూర్వం తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని నిషేధించాక రసాయనాలు కనిపెట్టుకోవాల్సి వచ్చింది. సాయంత్రం నాన్నకి ఇది చెబితే, "అయితే ఇప్పుడు శాకాహారమేగా, పర్లేదు" అన్నారు.

మూడో షాపులో మల్టీ వెహికల్ ఏటీఎఫ్ దొరికింది, పేరున్న కంపెనీదే. డబ్బా వెనక సన్నటి అక్షరాలు, వయసైపోయిందేమో, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. ఎస్‌పీ-3 పేరు స్పష్టంగా ఉంది. సీవీటీలకీ డీసీటీలకీ వాడొద్దని కూడా రాశారు. అది చూశాకే కాస్త నమ్మకం కుదిరింది. దేనికి వద్దో చెప్పే డబ్బా ఏదైనా నాకు ఇష్టమే. అయినా ఎస్‌పీ-3, ఎస్‌పీ-4, డబ్ల్యూఎస్ అన్నీ ఒకే సీసాలో అంటే సర్వరోగ నివారిణి మాటలా ఉంటుంది. చిక్కదనం ఎక్కడో మధ్యలో సర్ది ఉంటారు. వారంటీలో ఉన్న బండయితే పెళ్ళికి బస్సులో వెళ్ళి కంపెనీ డబ్బా కోసం ఆగేదాన్ని. ఇది ఊళ్ళో తిరిగే పద్నాలుగేళ్ళ బండి. నాలుగు లీటర్లు తీసుకున్నాను. డెక్స్‌రాన్ కంటే లీటరుకి నూట ముప్ఫై ఎక్కువ పడింది.

మేస్త్రి గారు నాన్నకి పాత పరిచయం. "నాన్నగారు నడుస్తున్నారా అమ్మా" అని అడిగి, డిప్‌స్టిక్ చూసి తల ఊపారు. పక్కన నిలబడ్డ ఆయనెవరో, ఇన్నాళ్ళు మార్చని నూనె మారిస్తే బాక్స్ పోతుందని జోస్యం చెప్పాడు. ఈ మాట నేనూ చాలాసార్లు విన్నాను. బాక్స్ జారడం మొదలయ్యాకే చాలామందికి నూనె గుర్తొస్తుంది. అప్పుడు మార్చినా బాక్స్ పోతుంది, మాట మాత్రం కొత్త నూనెకి పడుతుంది. మేస్త్రి గారు ఆయనకి జవాబు చెప్పలేదు. మిషన్ పెట్టి పాత నూనంతా ఒకేసారి తోసేసే ఫ్లష్ మాత్రం వద్దన్నారు, నేనూ అదే అనుకుని వెళ్ళాను.

డ్రెయిన్ బోల్టు విప్పితే గోధుమ రంగు నూనె ధారగా పడింది. వేళ్ళ మధ్య రుద్ది చూపించారు, రేణువులు లేవు. దాన్ని లీటరు నీళ్ళ సీసాల్లోకి వంపి కొలిచాం. రెండు సీసాలు నిండి, మూడోది సగం పైన వచ్చింది. మిగతాది టార్క్ కన్వర్టర్లో ఉండిపోతుంది, బోల్టు విప్పినంత మాత్రాన రాదు. కొత్తది ఆ పాతదానితోనే కాపురం చేయాలి. అందుకే పాతదానికి పడని జాతి నూనె తేకూడదు అన్నారాయన. బోల్టుకి కొత్త వాషర్ వేసి, డిప్‌స్టిక్ గొట్టంలో సన్న గరాటు పెట్టి, కొలిచినంతే పోశారు. పది నిమిషాలు తిప్పి వచ్చి లెవెల్ చూసి ఇంకాస్త. నెలన్నర ఆగి మళ్ళీ ఇలాగే ఒకసారి రమ్మన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మూడో గేరు పడటం తెలిసింది, కానీ ఆ తట్టడం లేదు. మనసు అలా అనుకుంటోందేమో, సోమవారం పొద్దున చల్లటి ఇంజన్‌తో చూస్తే గాని చెప్పలేను.

నాన్న పుస్తకం తెచ్చి ఆ ఖాళీ పేజీలో తేదీ, కిలోమీటర్లు, నూనె పేరు, రెండు లీటర్ల ఏడు వందలు అని రాయించుకున్నారు. ధర అడిగారు. తర్వాత చెబుతానన్నాను. మిగిలిన నూనె వంటింటి గట్టు మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మ దాని మీద ప్లాస్టర్ అంటించి స్కెచ్ పెన్నుతో రాస్తోంది: "కారుది. రోజ్ మిల్క్ కాదు."