రాయి మీద తండ్రి పేరు

మా అత్తయ్య వాళ్లది న్యూయార్క్‌లో స్థిరపడిన యూదు కుటుంబం. వాళ్ల తాత అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని గలీషియా ప్రాంతం నుంచి ఓడలో వచ్చారని తెలుసు కానీ, ఏ ఊరు, ఎవరి కొడుకు అంటే ఇంట్లో ఎవరూ చెప్పలేరు. పోయిన వేసవిలో ఇద్దరం క్వీన్స్‌లో ఆయన సమాధి దగ్గరికి వెళ్లాం. అప్పట్లో ఒకే ఊరినుంచి వచ్చినవాళ్లు సంఘంగా ఏర్పడి శ్మశానంలో స్థలం కొనుక్కుని, గేటు మీద తమ ఊరి పేరు చెక్కించుకునేవారట. ఆ గేటు మీద తార్నోపోల్ అని ఉంది, ఈరోజు అది ఉక్రెయిన్‌లో ఉంది.

రాయి మీద ఇంగ్లీషులో పేరు, సంవత్సరాలే. హీబ్రూలో మాత్రం ఫలానావారి కొడుకు ఫలానా అని తండ్రి పేరుతో సహా ఉంది, పైన వేళ్లు విడదీసిన రెండు చేతులు. అంటే కొహెన్, పురోహిత వంశం, మన గోత్రంలా తండ్రినుంచి కొడుక్కి వస్తుంది. పోయిన తేదీ యూదు పంచాంగం ప్రకారం అడార్ నెల, 690వ సంవత్సరం (వేల అంకె వదిలేసి) అని హీబ్రూ అక్షరాల్లో ఉంటే, మనం వాడే సంవత్సరంలోకి మార్చడానికి 1240 కలిపాను, 1930.

తర్వాత తాత పెళ్లి కాగితం. న్యూయార్క్ మున్సిపల్ ఆర్కైవ్స్ 2022లో పాత సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, నిజంగా ఎంత మేలు చేసిందో! అందులో తండ్రి పేరు అమెరికా పేరుగా మారిపోయింది కానీ తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంది.

తాత ఇంటిపేరుతో తార్నోపోల్ జననాల్లో నెలల తరబడి వెతికినా ఏమీ దొరకలేదు, చివరికి తల్లి ఇంటిపేరుతో వెతికితే దొరికారు, పక్కన 'అక్రమ సంతానం' అని. అది చదివి అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. నాకూ బాధేసింది. కానీ అసలు సంగతి వేరు. రబ్బీ (యూదు మతగురువు) చేసిన పెళ్లిని ప్రభుత్వ రిజిస్టర్లో కూడా నమోదు చేయించకపోతే ఆస్ట్రియా ప్రభుత్వం దాన్ని పెళ్లిగానే లెక్కించేది కాదు, గలీషియాలో చాలామంది యూదులు నమోదు చేయించుకోలేదు, అందుకే పిల్లలు తల్లి ఇంటిపేరుతో రిజిస్టర్లోకి ఎక్కారు. శాస్త్రోక్తంగా పెళ్లయిన దంపతుల బిడ్డ ఆయన, ఆ మాట అత్తయ్యకి పదేపదే చెప్పాను.

రిమార్కుల గడిలో తండ్రి పేరు రాసి ఉంది. రాయి మీదున్న పేరే, అక్షరం పొల్లుపోకుండా.

పిల్లలు పెద్దయ్యాక రిజిస్ట్రారు దగ్గర మళ్లీ పెళ్లి నమోదు చేయించుకున్న దంపతులు ఎంతోమంది ఉన్నారు, ఇప్పుడు నేను వెతుకుతున్నది తాత అమ్మానాన్నల అలాంటి నమోదు కోసమే.