ఆకు అడుగున ఎర్రచుక్క

జూన్‌లో ఫ్రెస్నో చుట్టుపక్కల కొన్ని రోజులు మధ్యాహ్నానికి ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. అందుకే తెల్లారేసరికే తోటలో ఉంటాం. వరుసల మధ్య నడుస్తూ ద్రాక్షాకులు కోసి, అడుగువైపు తిప్పి, భూతద్దంలో చూసి, పురుగులూ గుడ్లూ లెక్కపెట్టడం నా పని. మందు కొట్టాలో అక్కర్లేదో ఆ లెక్కను బట్టి రైతుకు చెప్పాలి. కాలిఫోర్నియాలో ఈ సలహా ఇవ్వాలంటే రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, ఇక్కడికొచ్చి పురుగుల మీద మాస్టర్స్ చేసి, ఆ లైసెన్సు పరీక్ష రాసి ఈ పనిలో చేరాను.

నాకు అప్పగించిన మొదటి తోట ఒక సర్దార్‌జీది. కిస్‌మిస్ కోసం పెంచే థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష. ఆయనతో నా మాటలన్నీ వచ్చీరాని హిందీలోనే. నన్ను ‘బేటీ’ అనేవారు, నేను ‘అంకుల్‌జీ’ అనేదాన్ని. ఆ రోజు ఆయన ఒక ఆకు నా ముందు పెట్టారు. పైన తెల్లటి చుక్కలు, ఎవరో సూదితో పొడిచినట్టు. ద్రాక్ష దోమ రసం పీల్చిన గుర్తులవి. మన పత్తి మీద వాలే పచ్చదోమ కుటుంబమే ఇదీ.

“పక్క తోటవాళ్లు నిన్ననే కొట్టేశారు బేటీ. నేనింకా చేతులు కట్టుకుని కూర్చున్నానని నవ్వుతున్నారు.”

ఆ మాట వినగానే మా నాన్న గుర్తొచ్చారు. తెనాలి దగ్గర మా వరిచేలో సుడిదోమ పడిన ఏడు, వాళ్లు కొట్టారు వీళ్లు కొట్టారు అని ఆయన కూడా వారానికోసారి పంపు భుజానికెత్తుకున్నారు. కొట్టేకొద్దీ దోమ పెరిగింది. చివరికి చేను మధ్యలో గుండ్రంగా, కాల్చేసినట్టు ఎండిపోయింది. దోమతోపాటు దాన్ని తినే సాలీళ్లనూ మిత్రపురుగులనూ మనమే చంపుకుంటున్నామని కాలేజీలో చదివేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అంకుల్‌జీకి నేను మాటలతో ఏమీ చెప్పలేదు. ఆకు తిప్పి భూతద్దం ఆయన చేతికిచ్చాను. దోమ తన గుడ్డును ఆకు అడుగున పైపొర కిందికి దూరుస్తుంది. బయటికి చిన్న ఉబ్బులా కనిపిస్తుంది. మంచి గుడ్డయితే నీళ్లలా ఉంటుంది, పిల్ల బయటికొచ్చే ముందు రెండు కళ్లచుక్కలు కనిపిస్తాయి. ఆయన చూస్తున్న ఆకులో చాలా గుడ్లు అలా లేవు. మొత్తం ఇటుకరంగు తిరిగిపోయాయి.

“ఎర్రగా ఉన్నవాటిలో దోమపిల్ల లేదు అంకుల్‌జీ. అందులో కందిరీగ పిల్ల పెరుగుతోంది.”

కందిరీగ అనగానే ఆయన తల వెనక్కి తీసుకున్నారు. కుట్టేంత పెద్దది కాదని చెప్పి ఇంకో ఆకు వెతికాను. అదృష్టం, ఒకటి దొరికింది. మిల్లీమీటరు కూడా లేదు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేలా ఉంది. రెక్కలు సన్నని పుల్లల్లా, అంచంతా పొడుగాటి వెంట్రుకలతో ఉన్నాయి. మీసాలతో ఆకును తడుముకుంటూ నడిచి ఒక ఉబ్బు దగ్గర ఆగింది. పొట్ట కిందికి వంచి, దోమ గుడ్డులోకి తన గుడ్డు దించింది. ఆయనా నేనూ ఊపిరి బిగబట్టి చూశాం.

దీని పేరు అనాగ్రస్. ఇక్కడి ద్రాక్షతోటల్లో ఉండేదంతా ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. 1998లో ట్రియాపిట్సిన్ అనే శాస్త్రవేత్త వీటిని వేరుచేసి కొత్త జాతులకు పేర్లు పెట్టారు. ఇక్కడ దోమకు ఏడాదికి మూడు తరాలైతే కందిరీగకు తొమ్మిది పది. ఆ వేగమే రైతుకు బలం. పైగా కిస్‌మిస్ తోటల్లో ఆకుకు 15, 20 పిల్లదోమల దాకా తీగ తట్టుకుంటుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చెబుతుంది. మా లెక్క ఆరు దాటలేదు. ఆ ఏడు అంకుల్‌జీ మందు కొట్టలేదు.

రెండో ఏడు ఇంకో తోటలో నేను పొరపాటు చేశాను. అక్కడా దోమ ఉంది, అక్కడక్కడా ఎర్రగుడ్లున్నాయి, ఆగుదామన్నాను. పిల్లదోమల రంగు సరిగ్గా చూడలేదు. తెల్లగా ఉండాల్సినవి గోధుమరంగు కలిసిన పసుపులో ఉన్నాయి. అది వేరే జాతి, రంగుల దోమ. అది గుడ్డును ఆకులో ఇంకా లోతుగా పెడుతుంది కాబట్టి కందిరీగకు అంతగా అందదు. ఆగస్టుకల్లా ఆకులు తెల్లబడిపోయాయి. కోత రోజుల్లో తీగ కదిలిస్తే చాలు, దోమలు మేఘంలా లేచి కూలీల కళ్లలో, ముక్కుల్లో పడేవి. మెక్సికో నుంచి వచ్చిన ఒకావిడ ముఖానికి రుమాలు కట్టుకుని, కళ్లు నలుపుకుంటూ, నేలమీది కాగితాలపై గుత్తులు పరుస్తుంటే నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఆ ఇబ్బందికి నేనే కారణం. ఆ రోజు నుంచి ముందు పిల్లదోమ రంగు చూస్తాను, తర్వాతే గుడ్లు లెక్కపెడతాను.

చలికాలంలో ద్రాక్ష ఆకు రాల్చేస్తుంది. దోమ పెద్ద పురుగుగానే రాలిన ఆకుల్లో, కలుపులో దాక్కుని బతికేస్తుంది. గుడ్లుండవు. గుడ్డు లేకపోతే కందిరీగకు బతుకు లేదు. మరి వేసవికి ఎక్కడి నుంచి వస్తోంది? 1960లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డౌట్, నకాటా దీని గుట్టు పట్టుకున్నారు. వాగుల పక్కన పెరిగే అడవి బ్లాక్‌బెర్రీ పొదల మీద వేరే రకం దోమ ఉంటుంది. చలికాలమంతా దాని గుడ్లలోనే ఈ కందిరీగ తలదాచుకుంటుంది. అయితే అవే పొదల్లో ద్రాక్షను చంపే పియర్స్ తెగులు బాక్టీరియా కూడా ఉండొచ్చు, దాన్ని మోసే పురుగులూ ఉండొచ్చు. అందుకని పొదలు పెంచమని అందరికీ చెప్పలేం. తర్వాత ఫ్రెంచ్ ప్రూన్ (ఎండబెట్టి తినే ఆల్‌బుకారా రకం) చెట్ల మీద కూడా ఇలాంటి ఆశ్రయమే ఉందని తేలింది. ప్రూన్ దోమ కొమ్మల్లో గుడ్డుగానే చలికాలం గడుపుతుంది. కందిరీగ తనంతట తాను ఎక్కువ దూరం ఎగరలేదు, గాలితోనే వస్తుంది. కాబట్టి గాలి వచ్చే వైపున చెట్లు వేయాలి.

అంకుల్‌జీ తోటకు వాయవ్యం వైపు ఒక వరుస ప్రూన్ మొక్కలు వేశారు. నాలుగో మార్చిలో అవి తెల్లగా పూశాయి. తోట అంచున పసుపు జిగురు అట్టలు కట్టి, వారం తర్వాత విప్పి భూతద్దం పెట్టాను. దుమ్ము, పూరేకులు, చిన్న ఈగల మధ్య ఒక మూల మూడు అనాగ్రస్‌లు కనిపించాయి. ద్రాక్షతీగ అప్పుడే చిగురేస్తోంది.

ఫోటో తీసి నాన్నకు పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

“ఏదమ్మా? నాకు దుమ్ము తప్ప ఏం కనపడట్లేదు.”

“కింద కుడిమూల చూడు నాన్నా. సన్నగా, కాళ్లతో.”

కాసేపు మాట్లాడలేదు. అద్దాలు మార్చుకుంటున్నట్టున్నారు.

“మన వరిలో ఇవి ఉంటాయా?”

“ఉంటాయి. సుడిదోమ గుడ్లను పాడుచేసే అనాగ్రస్‌లు మన దగ్గరా ఉన్నాయి. సుడిదోమ గుడ్లు కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకు తొడుగు లోపల ఉంటాయి. మడిలో బాటలు తీసి ఉంటే నడిచి చూడటం తేలిక.”

“బాటలు తీశాను. ప్రతి రెండు మీటర్లకూ జానెడు వదిలాను. నువ్వు కాలేజీలో వాడిన ఆ భూతద్దం ఇంట్లోనే ఉందా?”

“బీరువా పై అరలో, నల్ల డబ్బాలో ఉంది నాన్నా.”

ఫోన్ పెట్టకుండానే ఆయన కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.