సగం కత్తిరించిన మాత్రల షీటు

ఫార్మసిస్టు ఆ షీటును వెలుగులోకి ఎత్తి రెండు వైపులా చూసింది. నాలుగు మాత్రలు మిగిలిన ముక్క అది. దాని మీద 650 అనే అంకె, కంపెనీ చిరునామాలో చివరి సగం తప్ప ఏమీ లేవు. మందు పేరు, గడువు తేదీ రెండూ కత్తిరించి పారేసిన భాగంతో పోయాయి.

"ఇందులో ఏ మందు ఉంది?" అని అడిగింది.

"జ్వరం మాత్ర. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే వాడతాం" అన్నాను. ఆ జవాబు ఆమెకు ఎందుకూ పనికిరాదని నాకు అప్పటికి తెలియదు.

కొత్త దేశానికి, అంటే అమెరికాకు వచ్చి అప్పటికి ఏడు వారాలు. వచ్చేటప్పుడు ఒక సంచి నిండా మందులు తెచ్చుకున్నాం. జ్వరానికి, జలుబుకు, కడుపు మంటకు, విరేచనాలకు, పాపకు సిరప్, అమ్మకు బామ్. అన్నీ ఏళ్ల తరబడి వాడినవే. వాటిని రంగును బట్టి, కంపెనీ పెట్టిన పేరును బట్టి గుర్తుపట్టేవాళ్లం. లోపల ఉన్న మందు ఏమిటని ఎవరమూ ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. సంచి ఖాళీ అవుతున్నకొద్దీ అదే మందు ఇక్కడ కొనుక్కోవచ్చని అనుకున్నాను.

ఆ రోజు అమ్మ కోసం వెళ్లాను. రెండు రోజులుగా ఆమెకు జలుబు, ఒళ్లునొప్పులు. తెచ్చుకున్న జ్వరం మాత్రలు అయిపోవస్తున్నాయి. ఫార్మసిస్టు ఊరుకోకుండా, "ఆవిడ ఇంకా ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడిగింది. ఇక్కడి జలుబు మాత్రలు కూడా వేసుకుంటోందని చెప్పి, ఫోనులో ఉన్న పెట్టె ఫొటో చూపించాను. దాని మీద ఎసిటమినోఫెన్ 325 మిల్లీగ్రాములు అని ఉంది, దాంతోపాటు మరో రెండు మందులు. ఆమె నన్ను వెంటనే ఇంటికి ఫోను చేసి, విప్పని షీటు ఏదైనా ఉంటే దాని వెనుక ఉన్న పేరు చదవమని అమ్మను అడగమంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. పారాసిటమాల్.

"రెండూ ఒకే మందు" అంది ఫార్మసిస్టు.

కాగితం తీసుకుని లెక్క వేసింది. జలుబు మాత్రలు ఒక్కోసారి రెండు చొప్పున, రోజుకు నాలుగుసార్లు: 2,600 మిల్లీగ్రాములు. మా 650 మాత్ర రోజుకు మూడుసార్లు: 1,950. మొత్తం 4,550. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కూడా రోజుకు 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. మా అమ్మకు అరవై ఆరేళ్లు, మనిషి బక్కపలచన. రెండు పేర్లు చూసి రెండు మందులనుకున్నాం. ఒకటి జ్వరానికి, రెండోది జలుబుకు అని నేనే ఆమె చేతికి ఇచ్చాను.

ఆ సాయంత్రం డాక్టరు దగ్గర కూర్చున్న గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మ మాత్రం, "నాకేమీ కాలేదు, ఒళ్లునొప్పులు కూడా తగ్గాయి" అంటూనే ఉంది. భయపెట్టేది అదే. ఈ మందు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. కానీ మొదటి రోజు పైకి ఏమీ కనిపించకపోవచ్చు, కాస్త వికారం తప్ప. అందుకే డాక్టరు ఆమె మాట మీద వదిలేయకుండా రక్తపరీక్ష చేయించారు. దీనికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉందని, ఒకేసారి ఎక్కువగా మింగినవారికి మొదటి 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పని చేస్తుందని చెప్పారు. అదృష్టం కొద్దీ అమ్మకు దాని అవసరం పడలేదు. కాలేయం బాగానే ఉంది. రెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, ఇక చాలన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ రెండు పేర్ల సంగతి చదివాను. ఆ మందు రసాయన నామం ఎన్-ఎసిటైల్-పారా-అమైనోఫినాల్. అందులోంచి కొన్ని అక్షరాలు ఏరితే ఎసిటమినోఫెన్, మరికొన్ని ఏరితే పారాసిటమాల్. అమెరికా, కెనడా, జపాన్ మొదటిది వాడతాయి, చాలా దేశాలు రెండోది వాడతాయి. ఇలాంటి గందరగోళం ఉండకూడదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో మందులకు అంతర్జాతీయ పేర్లు పెట్టే పని చేపట్టింది. మొదటి జాబితా 1953లో వచ్చింది. ఆ జాబితాల ప్రకారం ఇది పారాసిటమాల్. అయినా పాత పేర్లు పోలేదు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్‌ను అమెరికాలో అల్బుటెరాల్ అంటారు.

మర్నాడు సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించి, ఒక నోటుపుస్తకం తీశాను. ప్రతి మందుకూ నాలుగు సంగతులు రాయాలనుకున్నాను. లోపలి మందు పేరు, ఒక్కో మాత్రలో లేదా 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములు, దేనికోసం, మా ఇంట్లో ఎవరికోసం. గంటలో అయిపోతుందనుకున్న పని మూడు సాయంత్రాలు పట్టింది. పేరు తెలియని ముక్కలు ఐదు తేలాయి. వాటిని మందుల షాపులో తిరిగి ఇచ్చేశాను. పాతవీ పనికిరానివీ అక్కడ తీసుకుంటారు.

రాస్తుంటేనే పాప సిరప్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. మేం తెచ్చిన సీసాలో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు. వచ్చిన రెండో వారంలో ఇక్కడ కొన్న సీసాలో 5 మిల్లీలీటర్లకు 160. పాప బరువు 14 కిలోలు, పాత డాక్టరు 4 మిల్లీలీటర్లు వేయమన్నారు. కొత్త సీసాతోనూ అంతే వేశాను. అంటే 200 మిల్లీగ్రాములు అందాల్సింది 128 మాత్రమే అందాయి. ఆ రాత్రి జ్వరం తగ్గడం లేదేమిటని తెల్లవార్లూ తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాం. పిల్లలకు ఈ మందు ఒక్కోసారి కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. నేను ఇచ్చింది 9 చిల్లర. తక్కువ పడింది కాబట్టి పాపకు హాని జరగలేదు. మేం వ్యతిరేక దిశలో ప్రయాణం చేసి ఉంటే, 160 సీసాకు అలవాటుపడిన కొలత 250 సీసాలోంచి పోసి ఉంటే? అప్పటినుంచి మా ఇంట్లో సిరప్‌ను మిల్లీలీటర్లలో చెప్పుకోవడం మానేశాం. ఎన్ని మిల్లీగ్రాములు అన్నదే మాట. కొలవడానికి కూడా ఆ సీసాతో వచ్చిన గొట్టమే వాడతాం.

పుస్తకం పట్టుకుని మళ్లీ అదే ఫార్మసిస్టు దగ్గరికి వెళ్లాను. ఈసారి పదిహేను నిమిషాల్లో చాలావరకు తేలిపోయింది. అలర్జీకి వాడే సెటిరిజిన్ అదే పేరుతో దొరికింది, నొప్పులకు, జ్వరానికి వాడే ఇబుప్రోఫెన్ కూడా. అమ్మ కడుపు మంటకు వాడే రానిటిడిన్ దగ్గర ఆమె తల అడ్డంగా ఊపింది. అందులో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే కల్మషం కనిపించడంతో అమెరికాలో 2020 ఏప్రిల్‌లో దాన్ని మార్కెట్ నుంచి పూర్తిగా తీసేయమన్నారు. దాని బదులు ఫామోటిడిన్ చూపించింది. "పేరు చివర చూడండి, రెండూ ఒకే ఇంటివి" అంది. ఆ తోకల సంగతి నాకు ఎంతో నచ్చింది. టిడిన్ అని ముగిసేవి ఒక కుటుంబం, ప్రజోల్ అని ముగిసేవి మరొకటి. కొత్త పేరు చూసినప్పుడు కనీసం ఎవరి చుట్టమో తెలుస్తుంది.

నొప్పులకు మేం తెచ్చిన నిమెసులైడ్ అసలు దొరకదంది. మొదట కోపం వచ్చింది. ఇన్నేళ్లు వేసుకున్నాం కదా అనిపించింది. తర్వాత చదివితే తెలిసింది: అమెరికాలో దానికి ఎన్నడూ అనుమతి రాలేదు, కాలేయానికి కలిగే హాని వల్ల ఐర్లాండ్ 2007లో ఆపేసింది, భారతదేశంలోనే 2011లో 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదన్నారు. దాన్ని చిన్నప్పుడు పాపకు కూడా ఎవరో వేయమన్నారు. పుస్తకంలో ఆ వరుస మీద గీత కొట్టేశాను.

ముక్కు దిబ్బడ మందు మరో కథ. సూడోఎఫెడ్రిన్ ఉన్నది కావాలంటే గుర్తింపు కార్డు చూపించి, కౌంటరు వెనుక నుంచి తీసుకోవాలి. దాంతో మత్తుపదార్థం తయారు చేస్తారు కాబట్టి అమెరికా 2006 నుంచి ఇలాగే అమ్ముతోంది. జపాన్‌లోకైతే అది 10 శాతానికి మించి ఉన్న మందును వెంట తీసుకెళ్లడమే నిషేధం. అరల్లో ఎవరైనా తీసుకోగలిగేలా ఉన్నవాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. మాత్రగా మింగితే అది ముక్కు దిబ్బడకు పని చేయదని అమెరికా నిపుణుల సంఘం 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. మా సంచిలోని జలుబు మాత్రలోనూ అదే ఉంది. ఇన్నేళ్లు మాకు ఉపశమనం ఇచ్చింది బహుశా అందులోని పారాసిటమాలే కావచ్చు.

కంపెనీ పేరు చెప్పి అడిగితే ఎంత ముప్పో కూడా ఆమే చెప్పింది. ఫ్లోమాక్స్ అంటే అమెరికాలో ప్రొస్టేటు మందు, ఇటలీలో వాపు తగ్గించే మందు. 2006 నాటికి డిలాకోర్ అంటే అమెరికాలో రక్తపోటు మందు, సెర్బియాలో గుండెకు ఇచ్చే డిగాక్సిన్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ ఏడాదే దీని గురించి ప్రజలను ప్రత్యేకంగా హెచ్చరించింది. అలవాటైన పేరు కనిపించిందన్న ఆనందంతో నేనైతే వెనక్కి తిప్పి చదివేదాన్ని కాదు.

అన్నిటికన్నా తేలికగా దొరికింది ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ఆ అంకెలు రాసుకుని వెళ్లి పొట్లం వెనుక ఉన్నవాటితో పోల్చుకున్నాను, సరిపోయాయి. పక్క అరలో ఉన్న ఆటగాళ్ల పానీయాలు తీసుకోబోతుంటే ఆమె వద్దంది. వాటిలో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ, విరేచనాలకు సరిపోవు.

బామ్ దగ్గర మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. మెంథాల్, కర్పూరం, మిథైల్ సాలిసిలేటు, అన్నీ ఉన్న బామ్ తెచ్చాను. రాసుకుని, "మంట అదే, వాసన అది కాదు" అంది. అమెరికాలో పైపూతల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని, మందు అదేనని ఎంత చెప్పినా వినలేదు. వినాల్సిన అవసరం కూడా లేదేమో. తలనొప్పికి మా నాన్న ఆమె నుదుటికి రాసిన వాసన అది. ఆ సీసా అడుగున మిగిలిన కొంచెం బామ్‌ను వేలితో గీకి మరీ చాలా నెలలు వాడింది. పాప చేతికి అందకుండా పై అరలో పెట్టమని మాత్రం గట్టిగా చెప్పాను, ఎందుకంటే ఆ సాలిసిలేటు కడుపులోకి పోతే చిన్నపిల్లలకు ప్రాణాపాయం.

అమ్మ పోయిన నెల తిరిగి వెళ్లింది. వెళ్లేటప్పుడు నోటుపుస్తకం నకలు అడిగి తీసుకుంది. ఇక్కడ అలవాటైన ఫామోటిడిన్ అక్కడ ఏ పేరుతో దొరుకుతుందోనని ఇప్పుడు ఆమెకు బెంగ. మొన్న మందుల షాపు నుంచి ఫోను చేసింది. పది మాత్రల షీటులో ఆరు చాలంటే, అబ్బాయి కత్తెర తీశాడట.

"పేరున్న వైపు నాకే ఇవ్వమన్నాను. తేదీ కూడా ఈ వైపే ఉంది, చదవనా?" అంది.

చదవమన్నాను.