గేమ్ డీలో, సేవ్ సీలో

శనివారం, రాత్రి పదిన్నర

తిలక్ రోడ్డులో మా కంప్యూటర్ రిపేరు షాపు షట్టర్ ఎత్తేసరికే ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒక కుర్రాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వచ్చాడు. ఎనిమిది రోజుల కిందట ఎవరిచేతో విండోస్ 11 కొట్టించుకున్నాడట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది కదా, అప్పటినుంచి ఈ పని చేయించుకునేవాళ్లు ఎక్కువే.

"గేములన్నీ డీలోనే ఉండాయి గదన్నా. డీని ఎవురూ ముట్టుకోలా. మళ్లా సేవ్‌లు యాడికి పాయ?"

ఇది చాలామందికి తెలియని సంగతి. గేమ్‌ని డీలో పెట్టినా, ఆడినదంతా దాచుకునే ఫైలు మాత్రం చాలా గేములకు సీ డ్రైవ్‌లోనే పడుతుంది. సేవ్ గేమ్‌తో ఉండదు, యూజర్‌తో ఉంటుంది. సీలో యూజర్స్, అందులో మన పేరున్న ఫోల్డర్, అందులో డాక్యుమెంట్స్ కింద మై గేమ్స్, లేకపోతే సేవ్డ్ గేమ్స్, అదీ కాకపోతే యాప్‌డేటా. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది. దానిలో మూడు గదులు: లోకల్ (Local), లోకల్-లో (LocalLow), రోమింగ్ (Roaming). అన్‌రియల్ అనే ఇంజిన్‌తో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేసిన గేములు మొదటి గదిలో, అంటే లోకల్ లోపల, సేవ్‌గేమ్స్ అనే ఫోల్డర్ కడతాయి. యూనిటీ అనే మరో ఇంజిన్‌వి ఎక్కువగా లోకల్-లో అనే రెండో గదిలో ఉంటాయి. స్టార్డ్యూ వ్యాలీ, ఎల్డెన్ రింగ్ రోమింగ్‌లో. స్కైరిమ్ మై గేమ్స్‌లో. సీ ఖాళీ చేస్తే ఇవన్నీ పోతాయి, డీ ఎంత భద్రంగా ఉన్నా లాభం లేదు.

వాడి అదృష్టం, విండోస్ వేసినవాళ్లు పార్టిషన్‌ని ఫార్మాట్ చెయ్యకుండా దాని మీదే వేశారు. అలా వేస్తే పాత యూజర్స్ ఫోల్డర్‌తో సహా అంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. సీ తెరవగానే అది కనిపించింది. అప్‌గ్రేడ్ చేసినప్పుడైతే 10 రోజులకు విండోస్ తనంతట తానే దాన్ని తీసేస్తుంది. కొత్తగా వేసినప్పుడు కూడా ఆ 10 రోజుల లెక్కే పెట్టుకోవడం మేలు. డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' టిక్ పెడితే ఆ నిమిషమే పోతుంది. స్థలం చాలట్లేదని ఇంకో రెండు రోజుల్లో అదే చేద్దామనుకున్నాడట. ముందు ఆ ఫోల్డర్‌లోని యూజర్స్ మొత్తాన్ని డీలోకి కాపీ కొట్టాం. పర్మిషన్ అడిగితే కంటిన్యూ నొక్కడమే. కాపీ అయ్యేదాకా ఏ గేమూ తెరవొద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఎందుకంటే సేవ్‌ని ఇంటర్నెట్‌లో, అంటే క్లౌడ్‌లో, కూడా దాచే గేములకు అక్కడే దెబ్బ తగులుతుంది. కొత్త విండోస్‌లో గేమ్ తెరిస్తే అది ఖాళీ సేవ్ ఒకటి తయారు చేసుకుంటుంది. అప్పుడు స్టీమ్ (గేములు కొనుక్కుని ఆడే యాప్) రెండు తేదీలు చూపించి, ఈ కంప్యూటర్‌లోది కావాలా క్లౌడ్‌లోది కావాలా అని అడుగుతుంది. కొత్త తేదీ ఉన్నదే మంచిదనుకుని అందరూ దాన్నే నొక్కుతారు. ఆ కొత్త తేదీది పది నిమిషాల ఖాళీ సేవ్. అది పైకి ఎక్కి, రెండొందల గంటల సేవ్‌ని తుడిచేస్తుంది. అందుకే పాత సేవ్‌ని చేత్తో పెట్టేటప్పుడు గేమ్ ప్రాపర్టీస్‌లో క్లౌడ్ ఆపెయ్యాలి, ఫైళ్లు పెట్టాలి, గేమ్ తెరిచి చూసుకోవాలి, మూసెయ్యాలి, ఆ తర్వాతే క్లౌడ్ మళ్లీ పెట్టాలి. ఈసారి అడిగితే ఈ కంప్యూటర్‌లోది అని చెప్పాలి. స్టీమ్ వెబ్‌సైట్‌లో అకౌంట్ కింద క్లౌడ్ పేజీ కూడా ఒకటుంది, ఏ గేముకు ఏ ఫైళ్లు పైన ఉన్నాయో చూపిస్తుంది, దించుకోనిస్తుంది. ఏదైనా నొక్కేముందు అక్కడినుంచి ఒక కాపీ దించి పక్కన పెట్టుకుంటే ధైర్యం.

స్టార్డ్యూ క్లౌడ్ నుంచే వచ్చేసింది. శాన్ ఆండ్రియాస్ పాత డిస్కుది, క్లౌడ్ లేదు. డాక్యుమెంట్స్‌లో 'జీటీఏ శాన్ ఆండ్రియాస్ యూజర్ ఫైల్స్' అనే ఫోల్డర్‌లో స్లాటుకొక ఫైలు, మొత్తం ఎనిమిది స్లాట్లు. ఫైళ్లు పెట్టాం, గేములో లోడ్ స్క్రీన్ ఖాళీ. ఇది ఈమధ్య తరచూ జరుగుతోంది. కొత్త విండోస్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) బ్యాకప్ ఆన్ అయితే డాక్యుమెంట్స్ రెండవుతాయి: యూజర్ ఫోల్డర్‌లో ఒకటి, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఒకటి. గేమ్ చూసేది రెండోదాన్ని. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ చూస్తే అసలుది ఏదో తెలుస్తుంది. అక్కడికి మార్చగానే ఎనిమిదింటిలో ఆరు స్లాట్లు నిండి కనిపించాయి.

మిగిలింది ఒక చిన్న యూనిటీ గేమ్. దాని ఫోల్డర్ ఎంత వెతికినా సేవ్ లేదు. కొన్ని యూనిటీ గేములు లెవెళ్లూ పాయింట్లూ ఫైల్లో కాకుండా రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, రాసుకుంటాయి. పాత విండోస్ రిజిస్ట్రీలో మన భాగం ఎన్‌టీయూజర్ డాట్ డీఏటీ (NTUSER.DAT) అనే ఒకే ఫైల్లో, పాత యూజర్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. డీకి కాపీ చేసుకున్న ఫైలు మీదే పని చేశాం, అసలుదాన్ని ముట్టుకోలేదు. రిజిస్ట్రీని చూపించే రెజ్‌ఎడిట్ తెరిచి, హెచ్‌కీ యూజర్స్ మీద నిలబడి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ నొక్కి ఆ ఫైలు చూపించాలి. పేరు అడిగితే 'పాతది' అని పెట్టాం. దాని కింద సాఫ్ట్‌వేర్, అందులో గేమ్ కంపెనీ పేరు, అందులో గేమ్ పేరు. ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'హెచ్‌కీ యూజర్స్, పాతది' అని ఉన్న ప్రతిచోటా 'హెచ్‌కీ కరెంట్ యూజర్' అని మార్చాలి. ఇది మర్చిపోతే ఇంపోర్ట్ అయినట్టే చెబుతుంది, గేముకు మాత్రం ఏమీ చేరదు. చివర్లో అన్‌లోడ్ హైవ్ నొక్కాలి, లేకపోతే ఆ ఫైలు తాళం పడినట్టు ఉండిపోతుంది. అరవై మూడో లెవెల్ తెరుచుకుంది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం చంద్రగిరి నుంచి ఒకామె ఆటోలో సీపీయూ తెచ్చింది. ఆమె వెనకే పదేళ్ల కొడుకు. మైన్‌క్రాఫ్ట్ గేములో వాడు రెండేళ్లుగా కట్టుకున్న ఊరు పోయిందట. ఇక్కడ విండోస్ డాట్ ఓల్డ్ లేదు, సీ ఫార్మాట్ అయిపోయింది. కానీ పాత 500 జీబీ హార్డ్ డిస్క్, చేసింది క్విక్ ఫార్మాట్. ఆశ ఉంది.

ఎస్‌ఎస్‌డీ అయ్యుంటే అక్కడే ఆపేసేవాళ్లం. విండోస్ ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేసేటప్పుడు ట్రిమ్ అనే కమాండ్ పంపుతుంది, ఇక ఆ జాగా అక్కర్లేదని. ఆ తర్వాత చదివితే డ్రైవ్ సాధారణంగా సున్నాలే ఇస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా సున్నాల్లోంచి సేవ్ రాదు. వచ్చే ప్రతివాళ్లకీ ఇది ముందే చెప్పాలి, డబ్బు పెట్టించకూడదు. హార్డ్ డిస్క్‌కైనా క్విక్ టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే, విండోస్ విస్టా నుంచి మొత్తం సున్నాలే రాస్తుంది. అదీ అంతే.

ఆ కంప్యూటర్‌ని ఆన్ చెయ్యలేదు. ఆన్ చేసి ఉంచిన ప్రతి నిమిషం విండోస్ అప్‌డేట్లూ పేజ్ ఫైలూ పాత జాగా మీదే రాస్తుంటాయి. డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలించి, ముందు మొత్తం డిస్క్‌ని ఇమేజ్ తీశాం, అంటే ఉన్నదున్నట్టు ఒక కాపీ. సెకనుకు 100 ఎంబీ లెక్కన 500 జీబీకి గంటన్నర లోపు. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే నాలుగు గంటలు పడుతుంది, నీలం పోర్టు (యూఎస్‌బీ 3) చూసి పెట్టాలి. వెతుకులాటంతా ఆ ఇమేజ్ మీదే.

విండోస్ డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. దానిలో ఒక టేబుల్, అందులో ప్రతి ఫైలుకీ 1 కేబీ రికార్డు ఒకటి ఉంటుంది: పేరు, ఏ ఫోల్డర్‌లోది, డిస్క్ మీద ఎక్కడెక్కడ ఉంది. క్విక్ ఫార్మాట్ ఈ టేబుల్‌ని మళ్లీ పాత చోటే మొదలుపెడుతుంది, కొత్త విండోస్ ఫైళ్లు మొదటి రికార్డుల మీద కూర్చుంటాయి. రెండేళ్లుగా ఆడుతూ చేరిన ఫైళ్ల రికార్డులు ఎక్కువగా టేబుల్ చివరి వైపు ఉంటాయి కాబట్టి బతికే అవకాశం వాటికే ఎక్కువ. అందుకే టేబుల్ చదివే టూల్‌తో మొదలుపెట్టాలి, డీఎండీఈ లాంటిది. ఫోటోరెక్ మంచిదే, ఉచితమే, కానీ అది ఫైలు రూపాన్ని బట్టి వెతుకుతుంది, పేర్లు రావు. మైన్‌క్రాఫ్ట్‌కి పేరే ప్రాణం.

ఎందుకంటే ప్రపంచం ముక్కలుగా ఉంటుంది. రీజియన్ ఫోల్డర్‌లో ఒక్కో ఎంసీఏ ఫైలు 512 బ్లాకుల పొడవు, 512 వెడల్పు ఉన్న నేల. ఆ నేల ఎక్కడిదో ఫైలు పేరులోని రెండు అంకెలే చెబుతాయి. పేరు పోతే ఏ ముక్క ఎక్కడ అతకాలో ఊహించాల్సిందే. సాయంత్రానికి రోమింగ్ కింద డాట్ మైన్‌క్రాఫ్ట్, దానిలో సేవ్స్, దానిలో వాడి ఊరు దొరికాయి. పద్నాలుగు ముక్కల్లో పదకొండు బాగున్నాయి. ప్రపంచం వివరాలుండే లెవెల్ డాట్ డీఏటీ (level.dat) ఫైలు తెరిస్తే అంతా సున్నాలు, అంటే దాని చోట ఇంకేదో కూర్చుంది. కానీ మైన్‌క్రాఫ్ట్ తన పాత కాపీని పక్కనే level.dat_old అనే పేరుతో ఉంచుతుంది. ఇది జీజిప్ పద్ధతిలో కుదించిన ఫైలు. బైట్లని అంకెలుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో మొదటి రెండు బైట్లు 1ఎఫ్, 8బీ అని ఉంటే దాని మొదలు సరిగా ఉన్నట్టు. ఉన్నాయి. పేరు మార్చి పెట్టగానే ప్రపంచం జాబితాలోకి వచ్చింది. వాడి వెర్షన్‌లో సామాను సంచీ, ప్రపంచపు సీడ్ (ఆ ప్రపంచం ఏ అంకె నుంచి పుట్టిందో అది) రెండూ అందులోనే ఉంటాయి.

పోయిన మూడు ముక్కల చోట ఆ సీడ్ నుంచే నేల కొత్తగా పుడుతుంది. కొండలూ నదులూ దాదాపు అవే, కట్టినవి మాత్రం ఉండవు. పిల్లాడు మౌసు పట్టుకుని నేరుగా ఇంటికెళ్లాడు. ఇల్లుంది. కోట గోడ ఒకచోట గీత గీసి కోసినట్టు ఆగిపోయి, ఆవల ఉత్త గడ్డి. "సగం గోడే గదమ్మా, కట్టుకుంటాలే" అన్నాడు.

నెదర్ అని ఆ గేములోనే ఇంకో లోకం ఉంది, వాడి వెర్షన్‌లో దాని ముక్కలు డిమ్ మైనస్ వన్ (DIM-1) అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిని ఇంకా చూడలేదు. సోమవారం వాడు బడి నుంచి వచ్చి ఆడి చూసి చెప్పేదాకా ఆ 500 జీబీ ఇమేజ్ అలాగే ఉండాలి. డిస్క్ మీద కాగితం అంటించి పెట్టాను.